కిటికీలో ఇంకో దేవదూత

విదేశాలకి చదువుకు వెళ్ళిన పిల్లలు అక్కడివాళ్ళ పండుగలో ఎంతదాకా కలవాలి అన్న మాట ఈమధ్య చాలా ఇళ్ళల్లో వస్తోంది. మామూలుగా అది "చర్చికి వెళ్ళిందా, ఏం తిన్నది" అన్న దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. మా ఇంట్లో అంత తేలిగ్గా తేలలేదు, ఎందుకంటే అది మాకు పరాయి పండుగ కాదు. మాది గుంటూరు లూథరన్ కుటుంబం. మా తాత పల్లెల్లో ఉపదేశి. మా నాన్న మిషన్ బడిలో పంతులుగా చేసి రిటైరయ్యారు. మా అక్క కూతురు పదహారో ఏట ఏఎఫ్ఎస్ విద్యార్థి మార్పిడి కార్యక్రమంలో జర్మనీ వెళ్ళింది. సాక్సనీ రాష్ట్రంలో ఎర్ట్స్‌గెబిర్గె కొండల్లో ఒక చిన్న ఊళ్ళో, ఒక కుటుంబంతో విద్యా సంవత్సరమంతా ఉండి వచ్చింది. లూథరు గారి దేశానికి మనవరాలు వెళ్తోందని నాన్న సంఘంలో కనపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పుకున్నారు. వెళ్ళొచ్చిన పిల్ల చెప్పిన క్రిస్మస్ మాత్రం ఆయనకి కొరుకుడు పడలేదు.

ఒక ఆదివారం గుడి నుంచి వచ్చాక ఇద్దరి మధ్యా జరిగిన వాదన ఇది. ఎవరి మాటా తగ్గించకుండా రాస్తున్నాను. నా మొగ్గు ఎటో కూడా దాచను.

తాతయ్య: చెట్టన్నావు, కొవ్వొత్తులన్నావు, కొయ్యబొమ్మలన్నావు, తొమ్మిది రకాల వంటలన్నావు. అన్నీ విన్నానమ్మా. ఇందులో ప్రభువు ఎక్కడున్నాడు?

మనవరాలు: చర్చికి వెళ్ళామని చెప్పాను కదా తాతయ్యా.

తాతయ్య: ఎన్నిసార్లు? ఏడాది పొడుగునా ఆ ఇంటాయన గుళ్ళో అడుగుపెట్టింది ఆ ఒక్క సాయంత్రమేనని నువ్వే అన్నావు. సంఘంలోంచి పేరు కొట్టేయించుకున్న మనిషని కూడా నువ్వే అన్నావు.

మనవరాలు: కొట్టేయించుకున్నారు, నిజమే. అక్కడ సభ్యత్వమంటే మనలా చందా కవరు కాదు. సాక్సనీలో ఆదాయపు పన్ను మీద ఇంకో 9 శాతం చర్చి పన్ను. జీతం చేతికి రాకముందే పట్టుకుంటారు. వద్దనుకుంటే ఆఫీసుకెళ్ళి సంతకం పెట్టి బయటికి రావచ్చు. ఆ రాష్ట్రంలో నలుగురిలో ముగ్గురికి పైగా ఏ చర్చిలోనూ సభ్యులు కారు. 2022 నాటికి దేశం మొత్తం మీద కేథలిక్కుల్నీ ప్రొటెస్టంట్లనీ కలిపినా జనాభాలో సగానికి తగ్గిపోయారు. మా హోస్ట్ నాన్న ఒక్కరే చేసిన పని కాదది.

తాతయ్య: పదిమంది చేస్తే తప్పు ఒప్పవుతుందా? 1842 జూలై 31న మిషనరీ హయ్యరు గారు గుంటూర్లో అడుగుపెట్టబట్టే మా నాన్నకి నాలుగు అక్షరాలు వచ్చాయి. ఆయన వచ్చింది అమెరికా నుంచి, కానీ పుట్టింది జర్మనీలో, హెల్మ్‌ష్టెట్‌లో. అంతకు వందేళ్ళ ముందు, తెలుగులో మొట్టమొదటి పుస్తకాలు ఎక్కడ అచ్చయ్యాయి? మద్రాసులో కాదు, బందర్లో కాదు. 1746 ప్రాంతంలో హాలె పట్నంలో, మిషనరీ బెంజమిన్ షుల్జు గారి చేతుల మీదుగా. నువ్వున్న చోటికి ఎంత దూరం అది?

మనవరాలు: రైలెక్కితే ఒక పూట కూడా పట్టదు.

తాతయ్య: చూశావా! ఇచ్చినవాళ్ళు వదిలేసుకున్నారు, పుచ్చుకున్నవాళ్ళం గుండెలకి హత్తుకున్నాం. వదిలేసుకున్న ఇంట్లో ఇంక మిగిలేది ఏడాది చివరి సెలవే.

మనవరాలు: సెలవే అయితే ఓమా నవంబరు చివర్లోనే అటక మీది పెట్టెలన్నీ దింపించదు తాతయ్యా. ఓమా అంటే మా హోస్ట్ నాన్న వాళ్ళమ్మ, పై అంతస్తులో ఉంటుంది. ఆగమన కాలం మొదటి ఆదివారానికి ఊరంతా కిటికీల్లో దీపాలు పెడతారు. విల్లులా వంగిన చెక్క మీద వరసగా కొవ్వొత్తులు, ఇప్పుడైతే చిన్న బల్బులు. ఏ వీధిలోకి తిరిగినా చీకటి కిటికీ కనపడదు. ఎందుకని అడిగితే ఓమా గనుల గురించి చెప్పింది. 12వ శతాబ్దంలో ఫ్రైబెర్గ్ దగ్గర వెండి దొరికినప్పట్నుంచీ ఆ కొండల్ని తవ్వుతూనే వచ్చారు. వెండి, తగరం, కోబాల్టు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సోవియట్ వాళ్ళకోసం యురేనియం. ఓమా భర్త ఆ యురేనియం గనిలోనే పనిచేశారట. చలికాలంలో తెల్లారకముందే లోపలికి దిగి, పొద్దుగూకాక పైకొచ్చేవాళ్ళు. వారాల తరబడి పగటి వెలుగు చూడని మనుషులు వాళ్ళు. ఇంటికి నడిచొచ్చే దారి పొడుగునా వాళ్ళకి వెలుగు కనపడాలని కిటికీల్లో దీపాలు.

తాతయ్య: మంచి ఆచారమే. కాదనను.

మనవరాలు: ఇంకా ఉంది. లోహం తగ్గిపోయాక గనుల్లో పనిచేసిన కుటుంబాలు చెక్క పనికి తిరిగాయి. జైఫెన్ అనే ఊళ్ళో ఈనాటికీ ఇంటింటా అదే పని. గనికార్మికుడి బొమ్మలు, దేవదూత బొమ్మలు చేస్తారు, రెండు చేతుల్లో కొవ్వొత్తులతో. ఆ కొండల్లో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో ఎంతమంది మగపిల్లలుంటే కిటికీలో అన్ని గనికార్మికుల బొమ్మలు, ఎంతమంది ఆడపిల్లలుంటే అన్ని దేవదూతలు. వీధిన పోయేవాళ్ళు కిటికీ చూసి ఆ ఇంట్లో పిల్లలెందరో చెప్పేస్తారు. మా హోస్ట్ ఇంట్లో ఇద్దరూ మగపిల్లలే. ఎప్పుడూ రెండు బొమ్మలే. కిటికీ సర్దే రోజు ఓమా నా చేతిలో ఒక పొట్లం పెట్టి విప్పమంది. దేవదూత. జానెడు కూడా లేదు. తెల్ల గౌను, బంగారు రంగు కిరీటం, కొత్త వార్నిష్ వాసన. "నువ్వే పెట్టు" అంది. ఇద్దరు కార్మికుల్నీ కాస్త పక్కకి జరిపి మధ్యలో పెట్టాను. మర్నాడు రొట్టెల కొట్టు ఆవిడ నన్ను చూసి, "ఆ ఇంటికి ఇప్పుడు కూతురొచ్చిందన్నమాట" అంది. నేనేం చెప్పలేదు ఆవిడకి. కిటికీ చెప్పింది.

తాతయ్య: ఒక కొయ్యబొమ్మ పెట్టినందుకు అంత పొంగిపోయావా తల్లీ?

ఇక్కడ నేను మనవరాలి పక్షం. ఆదరించడం ఇంటి లోపల జరిగితే ఒక సంగతి. ఈ పిల్ల మా లెక్కలో ఉంది అని వీధికి చెప్పడం ఇంకో సంగతి. ఈ కార్యక్రమంలో పిల్లల్ని పెట్టుకున్న కుటుంబాలు అందుకు డబ్బు తీసుకోవు. ఏఎఫ్ఎస్ పుట్టుకే అలాంటిది: 1915లో ఫ్రాన్సు యుద్ధభూమిలో గాయపడ్డవాళ్ళని ఆసుపత్రులకి చేర్చిన అమెరికన్ స్వచ్ఛంద అంబులెన్సు డ్రైవర్లది ఆ సంస్థ. రెండు యుద్ధాలు చూశాక, ఒక దేశపు పిల్లలు ఇంకో దేశపు ఇళ్ళల్లో పెరిగితే మూడోది రాకుండా ఉంటుందేమోనని 1947 నుంచి బడిపిల్లల మార్పిడి మొదలుపెట్టారు. అంత పెద్ద ఆశకి ఆ కొండ ఊళ్ళో దక్కిన రూపం జానెడైనా లేని ఆ బొమ్మ. నాన్న దాన్ని కొయ్యముక్కగా తీసేయడం నాకు నచ్చలేదు. కానీ తర్వాత ఆయనన్న మాటకి నా దగ్గర జవాబు లేదు.

తాతయ్య: నీకు కిటికీ సంగతి తెలిసింది. నేను తలుపు సంగతి చెబుతాను విను. మా నాన్న ఉపదేశిగా ఉన్న పల్లెలో మా పేట ఊరికి దూరంగా, కాలవ అవతల ఉండేది. ఏడాదంతా మా ఇళ్ళల్లో మంచినీళ్ళు తాగని మనుషులు ఊళ్ళో ఉండేవాళ్ళు. మేం వాళ్ళ వాకిట్లో నిలబడేవాళ్ళమే గాని వాళ్ళు మా గడప తొక్కేది లేదు. క్రిస్మస్ రోజున మాత్రం మా అమ్మ తెల్లారకముందే తలుపులు రెండు రెక్కలూ బార్లా తీసేది. పొద్దుగూకేదాకా మూసేది కాదు. అరిసెలు, పాయసం, మాంసం కూర, ఎవరొస్తే వాళ్ళకి. మొదట్లో ఎవరూ రాలేదు. అయినా తీసే ఉంచేది. కొన్నేళ్ళకి చిన్నపిల్లలొచ్చారు, పెద్దవాళ్ళకి తెలీకుండా. తర్వాత ఒకాయన వచ్చి అరుగు మీద కూర్చుని తిన్నాడు. ఆ రోజు మా నాన్న రాత్రి ప్రార్థనలో ఏడ్చాడు. మాకు క్రిస్మస్ అంటే అది. పశువుల పాకలో పుట్టినవాడికి తలుపేమిటి? నువ్వు చెప్పిన ఊళ్ళో ఇరవై నాలుగో తేదీ మధ్యాహ్నానికి కొట్లు మూత, సాయంత్రం గుడి అవగానే ఎవరింటికి వాళ్ళు, లోపల గడియ. వీధిలో పిట్ట కూడా తిరగదన్నావు. కేరల్స్ పాడుతూ ఇల్లిల్లూ తిరిగేవాళ్ళుండరు. ఆ గడియ వెనకాల జరిగేది ఎంత అందమైనదైనా నాకు అక్కర్లేదు.

మనవరాలు కొంతసేపు ఏమీ అనలేదు. ఆ కథలో అరుగు మీద తిన్న మనిషి సంగతి ఆమెకి కొత్త.

మనవరాలు: గడియ పెట్టుకుంటారు తాతయ్యా. కాదనను. మొదట్లో నాకూ భయమేసింది, అంత నిశ్శబ్దం మన పండుగల్లో ఎక్కడుంటుంది? కానీ లోపల ఏం జరుగుతుందో ఒకసారి చూడండి. ఆ కొండల్లో ఇరవై నాలుగు రాత్రి తొమ్మిది రకాలు బల్ల మీద పెడతారు. ప్రతిదానికీ ఒక అర్థం. పప్పు పెట్టేది చిల్లరడబ్బుకి లోటు రాకూడదని. బంగాళాదుంప ఉండలు పెద్ద డబ్బుకి. బీట్‌రూట్ బుగ్గలు ఎర్రగా ఉండటానికి. పులియబెట్టిన క్యాబేజీ, సాసేజ్, ఇంకా ఏవేవో ఇంటినిబట్టి మారతాయి. ప్రతి కంచం కింద ఒక నాణెం. భోజనం అయ్యేదాకా బల్ల దగ్గర్నుంచి ఎవరూ లేవకూడదు. ఆ ఉండలు చేసే పని నాకిచ్చింది ఓమా. పచ్చి బంగాళాదుంపలు కోరాలి. కోరీ కోరీ వేళ్ళ కణుపులు గీరుకుపోయాయి. కోరింది గుడ్డలో మూటకట్టి పిండాలి, మీరు చింతపండు పిండినట్టు కాదు, బట్టలు పిండినట్టు, ఇద్దరం చెరోవైపు పట్టుకుని మెలిపెట్టి. ఆ నీళ్ళు పారబోయరు. కాసేపటికి గిన్నె అడుగున తెల్లగా పిండి పేరుకుంటుంది. పైన నీళ్ళు వంచేసి ఆ పిండిని మళ్ళీ కోరులో కలిపితేనే ఉండ నిలబడుతుంది, లేకపోతే మరిగే నీళ్ళల్లో విడిపోతుంది. నా మొదటి రెండు ఉండలు విడిపోయాయి. ఓమా కోప్పడింది. నిజంగానే కోప్పడింది. చుట్టాలమ్మాయిని ఎవరూ అలా కోప్పడరు.

తాతయ్య: తిట్లు తిన్నందుకు సంతోషమా?

మనవరాలు: అవును. బల్ల సర్దుతుంటే లెక్కపెట్టాను, కంచాలు ఒకటి ఎక్కువున్నాయి. చెప్పా పెట్టకుండా ఎవరైనా తలుపు కొడితే వాళ్ళకి. పాత పద్ధతట అది కూడా. అది నా కంచమేనేమో అనుకుని అటు వెళ్ళి కూర్చోబోయాను. ఇంట్లో పరాయిదాన్ని నేనే కదా. ఓమా నా భుజం పట్టుకుని చిన్నబ్బాయి పక్కకి లాక్కెళ్ళి, "నీది ఇది. అది పైవాళ్ళకి" అంది. తాతయ్యా, మీ అమ్మగారు తలుపు తీసి ఉంచేది. వీళ్ళు కంచం పెట్టి ఉంచారు.

తాతయ్య: తలుపు తీసి ఉంచితే ఎవరైనా రావచ్చు. మూసిన తలుపు వెనక కంచం ఉందని బయటివాడికి ఎలా తెలుస్తుంది? సరే, ఒకటి చెప్పు. ఆ కంచంలో ఎవరైనా తిన్నారా?

మనవరాలు: లేదు.

తాతయ్య: ఎప్పుడైనా తిన్నారా?

మనవరాలు: ఓమా చిన్నప్పుడు, యుద్ధం అయిన కొత్తలో, తూర్పు నుంచి ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవాళ్ళు ఒకసారి తిన్నారట. ఆ తర్వాత లేదు.

తాతయ్య: మీ వీధి చివర సిరియా వాళ్ళున్నారన్నావు. వాళ్ళ చిన్నపిల్ల నీతో బస్సులో వచ్చేదన్నావు. వాళ్ళని పిలిచారా?

మనవరాలు: పిలవలేదు. వాళ్ళ కిటికీలో కూడా దీపం పెట్టుకున్నారు, ఊరందరిలాగే. నేను ఆ రాత్రంతా దాని గురించి ఆలోచించాను.

తాతయ్య: అదీ నేననేది.

మనవరాలు: అయితే నేనూ ఒకటి అడుగుతాను. మనం పల్లె వదిలి గుంటూరు వచ్చి ఈ అపార్టుమెంటులో దిగాక మన తలుపు తీసి ఉంటోందా? కిందటి క్రిస్మస్‌కి వాచ్‌మన్ గారికి బిర్యానీ ఎలా ఇచ్చాం? డబ్బాలో పెట్టి లిఫ్టులో కిందికి పంపాం. ఆయన పైకొచ్చి మన బల్ల దగ్గర కూర్చోలేదు. కూర్చోమని మనం అనలేదు. సంఘం కేరల్స్ వాళ్ళు మన ఫ్లోరుకి వచ్చారు, పక్క ఫ్లాటుకి వెళ్ళలేదు, వాళ్ళు మనవాళ్ళు కాదని. మీ అమ్మగారి తలుపుని మీరు కథలో తీసి ఉంచుతున్నారు. వాళ్ళు కంచాన్ని బల్ల మీద ఉంచుతున్నారు. ఈ రెంటికీ తేడా నాకు కనపడటం లేదు.

తాతయ్య: ఉంది. నేను సిగ్గుపడతాను. నమ్మినవాడు కాబట్టి సిగ్గుపడతాను. నమ్మనివాడికి అది ఒక అందమైన అలవాటు, ఎవరూ రాకపోయినా నొచ్చుకోడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఇది విశ్వాసుల గొప్పలాగా వినిపించవచ్చు. నాన్న గొప్పకి అనలేదు. ఆయన ముఖం చూస్తే తెలిసింది, వాచ్‌మన్ సంగతి ఆయన్ని అప్పటికే కోస్తోంది.

మనవరాలు: మా హోస్ట్ నాన్నకి నొప్పి లేదని ఎలా అంటారు? ఆ సాయంత్రం గుళ్ళో పిల్లల నాటకమయ్యాక దీపాలు తగ్గించి పాట మొదలుపెట్టారు. ఆయన పుస్తకం తెరవలేదు. అన్ని చరణాలూ కంఠతా వచ్చు. మధ్యలో గొంతు ఆగిపోయింది. మళ్ళీ అందుకున్నారు. నమ్మని మనిషికి గొంతు ఎందుకు పూడుకుపోతుంది?

తాతయ్య: చిన్నప్పుడు అమ్మ పక్కన పాడిన పాట కాబట్టి. జ్ఞాపకం అది. నేను పెద్ద పాటల పుస్తకం, మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, చదవడం రాకముందే నేర్చుకున్నవాణ్ణి, నాకు తెలీదా జ్ఞాపకానికున్న బలం? కానీ జ్ఞాపకం ఒక తరం మోస్తుంది. మహా అయితే రెండు. ఆ ఇద్దరు మగపిల్లలకి ఆ చరణాలు వచ్చా?

మనవరాలు: పెద్దవాడికి మొదటి చరణం వచ్చు.

తాతయ్య: ఇంకోటి కూడా చెప్పనీ. వాళ్ళ ఉప్పు తిన్నావు. ఏడాది పాటు కన్నబిడ్డలా చూశారు. నువ్వు వాళ్ళని వెనకేసుకు రావాల్సిందే, రాకపోతే నేనే తప్పు పట్టేవాణ్ణి. కానీ రుణం వేరు, నిజం వేరు. కృతజ్ఞత కళ్ళద్దాల్లోంచి చూస్తే అన్నీ ప్రభువు పనుల్లాగే కనపడతాయి.

మనవరాలు: మరి హయ్యరు గారి మాటేమిటి? పద్నాలుగేళ్ళకి యూరప్‌లో యుద్ధాలు జరుగుతున్నాయని తల్లిదండ్రులు ఆయన్ని ఓడెక్కించి ఫిలడెల్ఫియాలో మేనమామ ఇంటికి పంపారు, మీరే చెప్పారు ఆ కథ. పరాయి దేశంలో ఒక ఇంటివాళ్ళు పెంచారు కాబట్టే కదా ఆయన తర్వాత గుంటూరు రాగలిగాడు. అప్పుడు కృతజ్ఞత కళ్ళద్దాలు కాలేదా?

తాతయ్య: మేనమామ ఇల్లు పరాయి ఇల్లు కాదు.

మనవరాలు: సరే, ఇంకోటి. మన గుమ్మం మీద డిసెంబరు రాగానే మీరే స్టూలెక్కి నక్షత్రం కడతారు కదా. సాక్సనీలోనే హెర్న్‌హూట్ అనే ఊరుంది, అక్కడి నక్షత్రం లోకమంతా తెలుసు. దాని కథ ఏమిటంటే, ఆ సంఘంవాళ్ళు దూరదేశాలకి మిషనరీలుగా వెళ్తూ బడికెళ్ళే వయసు పిల్లల్ని వెనక్కి పంపి హాస్టళ్ళలో ఉంచేవాళ్ళు. 19వ శతాబ్దం మొదట్లో నీస్కీ బడిలో లెక్కల పాఠంగా కాగితంతో మొనలు మడిచి అతికించి నక్షత్రం చేయించారు. అప్పట్నుంచి ఆగమన కాలం మొదటి ఆదివారం హాస్టలు పిల్లలు కూర్చుని నక్షత్రాలు చేసేవాళ్ళు. అమ్మానాన్నలు సముద్రాల అవతల ఉన్న పిల్లలు. మా హోస్ట్ ఇంటి వసారాలో ఒకటి వేలాడుతుంది. దాన్ని బిగించే రోజు ఆ కథ విన్నాక, నేనూ ఆ పిల్లల్లో ఒకదాన్ని అనుకున్నాను. ఏడుపొచ్చింది. చేతిలో మొనలు ఇంకా చాలా ఉన్నాయి, అవి అయ్యేసరికి తగ్గింది.

తాతయ్య: ఏడ్చానని అప్పుడు చెప్పలేదేం?

మనవరాలు: చెబితే అమ్మ వచ్చేయమనేది.

తాతయ్య: ఇరవై నాలుగు రాత్రి మేం పదకొండు దాటేదాకా ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాం. మీ అమ్మ నీకోసం కొన్న పట్టుపావడా బల్ల మీద పరిచింది, వీడియోలో చూపిద్దామని. నీ ఫోను మోగి మోగి ఆగిపోయింది. నమ్మకం లేదు, తలుపు వేసుకుంటారు, అవన్నీ సరే. నాకు నొప్పి ఇక్కడ. ఏ పండుగ అయినా నా మనవరాల్ని ఆ రాత్రి మా నుంచి దాచిపెట్టే హక్కు దానికెక్కడిది?

వాదన మొదలైనప్పట్నుంచీ ఇది ఎక్కడో ఉందని నాకు తెలుసు. పంపిన ఇళ్ళల్లో దీన్ని ఎవరూ పైకి అనరు. పిల్ల అక్కడ సంతోషంగా ఉండాలని మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తాం. మనల్ని మరిచిపోయేటంత సంతోషంగా ఉంటే తట్టుకోలేం.

మనవరాలు: దాచిపెట్టలేదు తాతయ్యా. గుడికి బయల్దేరే ముందు ఇంట్లో అందరి ఫోన్లూ సొరుగులో పెట్టేశారు. నన్ను పెట్టమని ఎవరూ అనలేదు. నేనే పెట్టాను. అప్పటికి అక్కడ నాలుగున్నర, మీకు రాత్రి తొమ్మిది. మీరు ఫోను దగ్గర కూర్చుంటారని తెలుసు. తెలిసే పెట్టాను. ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ పెట్టి కూర్చుంటే నేను రెండు చోట్లా ఉండేదాన్ని కాదు. వాళ్ళు నాకోసం కిటికీ సర్దారు. ఆ ఒక్క రాత్రి నన్ను పూర్తిగా ఇవ్వాలనిపించింది.

తాతయ్య: ముందురోజే ఒక మాట చెప్పి ఉండాల్సింది.

మనవరాలు: చెబితే అమ్మ పట్టుపావడా కొనేది కాదు. కొననివ్వాలనిపించింది. ఇప్పుడు కట్టుకుంటున్నాను కదా.

తాతయ్య: (కొంచెం ఆగి) మర్నాడు మధ్యాహ్నం ఫోను చేసినప్పుడు తెల్లారి గుడికెళ్ళానన్నావు. మళ్ళీ గుడి ఎందుకు, వాళ్ళకి ఏడాదికి ఒక్కసారే కదా?

మనవరాలు: వాళ్ళకి. ఓమాకి కాదు. ఆ కొండల్లో చాలా ఊళ్ళల్లో ఇరవై ఐదు తెల్లవారుజామున ఆరింటికి ఆరాధన ఉంటుంది. ఇంట్లో అందరూ నిద్రపోతుంటే ఓమా ఒక్కతే కోటు వేసుకుంటోంది. నేనూ వస్తానన్నాను. కటిక చీకటి, మంచులో బూట్లు కూరుకుపోతున్నాయి, ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, పట్టుకుందో నేనే పట్టుకున్నానో. గుళ్ళో చాలామంది ముసలివాళ్ళు. దారిలో చెప్పింది: ఆవిడ అమ్మాయిగా ఉన్నప్పుడు తూర్పు జర్మనీ ప్రభుత్వం. పద్నాలుగేళ్ళ పిల్లలందరికీ గుళ్ళో కన్ఫర్మేషన్ బదులు సర్కారువారి ప్రమాణ వేడుక. గుడిని పట్టుకున్నవాళ్ళకి పైచదువులు కష్టం. ఆవిడ కన్ఫర్మేషనే తీసుకుంది. టీచరు అవుదామనుకుంది, కాలేదు. బొమ్మల కార్ఖానాలో రంగులు వేసింది రిటైరయ్యేదాకా.

తాతయ్య: టీచరు అవుదామనుకుందా?

మనవరాలు: అవును.

తాతయ్య: ఇది ముందే చెప్పాలమ్మా నువ్వు. కొయ్యబొమ్మలు, ఉండలు అంటావు గాని.

మనవరాలు: కొయ్యబొమ్మ ఆవిడ రంగు వేసిందే తాతయ్యా. ఆ దేవదూతది కూడా. రిటైరయ్యాక కూడా ఇంట్లో కుంచెలున్నాయి.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఆయన ఒప్పుకున్నారని ఎవరూ అనుకోవద్దు. ఆ హోస్ట్ నాన్న సంగతిలో ఆయన ఇప్పటికీ మెత్తబడలేదు. చదువు పోగొట్టుకుని గుడిని నిలబెట్టుకున్న తల్లికి పన్ను కోసం సంఘం వదిలేసిన కొడుకు పుట్టడం ఇంకా బాధగా ఉందన్నారు. అది పన్ను కోసం కాదని పిల్ల, మరి దేనికని ఈయన, ఇంకొంతసేపు నడిచింది. అక్కడ కొత్త మాటలేమీ రాలేదు. తర్వాత సంగతి వచ్చే డిసెంబరు మీదికి మళ్ళింది, ఎందుకంటే ఓమా పెద్ద మనవణ్ణి వెంటపెట్టుకుని గుంటూరు వస్తానని రాసింది.

తాతయ్య: వస్తే నేను స్టేషనుకి వెళ్తాను. సంఘంలో చెబుతాను. క్రిస్మస్ ఆరాధనలో వేదిక మీద కుర్చీ వేయించి, శాలువా కప్పి, దండ వేసి, రెండు మాటలు మాట్లాడించి...

మనవరాలు: వద్దు తాతయ్యా.

తాతయ్య: వద్దంటావేం? అంత దూరం నుంచి, అదీ ఆ వయసులో వచ్చిన మనిషిని గౌరవించకుండా ఎలా?

మనవరాలు: అలా చేస్తే ఆవిడ ఆ అదనపు కంచం దగ్గర కూర్చున్నట్టే. వేదిక మీద కూర్చోబెడితే చుట్టమే అవుతుంది. ముందురోజు రాత్రి అరిసెల పాకం దగ్గర కూర్చోబెట్టండి. పాకం ముదిరితే అత్తయ్య ఆవిణ్ణి కూడా కోప్పడాలి. మనవణ్ణి కేరల్స్ వాళ్ళతో పంపండి, డప్పు పట్టుకుంటాడు. ఆరాధన అయ్యాక సంఘ భోజనాల్లో వడ్డించే వరసలో ఇద్దర్నీ నిలబెట్టండి.

తాతయ్య: అంత పెద్ద వయసు మనిషి చేత అన్నం వడ్డించమంటావా? సంఘం నన్ను బతకనిస్తుందా?

మనవరాలు: మీరు డెబ్భై అయిదులో వడ్డించడం లేదా?

తాతయ్య: నేను ఇంటివాణ్ణి.

మనవరాలు: అదే.

తాతయ్య: ...వాచ్‌మన్ గారి ఇంటివాళ్ళని కూడా ఆ రోజు పైకి పిలుద్దాం. వాళ్ళ పేర్లు భోజనాల లెక్కలో ఇప్పుడే రాయి. శాలువా మాత్రం నేను కప్పి తీరతాను. వడ్డన అయ్యాకే కప్పుతాను, పాస్టరు గారిని అడిగి.

మనవరాలు: వేదిక మీద కాదు.

తాతయ్య: అది పాస్టరు గారు చెప్పాలి.